పెంచడమా, సాకడమా? – ఒక పత్రికా కథనంపై కొన్ని మాటలు

కిందటేడు మా విభాగంలో ఎం.ఏ. విద్యార్థులకు అనువాదం కోసం నేనిచ్చిన పాఠం కథా కాదు, కవితా కాదు. ఒక దినపత్రికలో వచ్చిన కథనం. లాస్ ఏంజెలెస్ టైమ్స్ పత్రికకు 2017 ఫిబ్రవరిలో హేలీ బ్రాన్సన్-పాట్స్ రాసినది. ఎంతోకాలం బతకరని వైద్యులు తేల్చిన పిల్లలనే ఏరి ఇంటికి తెచ్చుకొని చూసుకునే మనిషి గురించిన రచన. పద్నాలుగు మంది అనువదించారు. పద్నాలుగు ప్రతులూ దిద్దేసరికి రెండు సంగతులు బయటపడ్డాయి. ఆ ఇంగ్లీషు రచనలో నేను చదివినప్పుడు గమనించని బలహీనత ఒకటి ఉంది. దానికి విరుగుడు మన తెలుగులో, అందులోనూ మన సరిహద్దు జిల్లాల తెలుగులో ఉంది. మన పిల్లలు మాత్రం ఆ మాట వాడడానికి జంకారు. ఈ వ్యాసం ఆ రెండింటి గురించి.

ముందు కథనం సంగతి. కథానాయకుడు మొహమ్మద్ బ్జీక్. లిబియా నుంచి 1978లో చదువు కోసం అమెరికా వెళ్లి, కాలిఫోర్నియాలోని అజూసా అనే చిన్న ఊళ్లో స్థిరపడ్డాడు. కథనం నాటికి అరవై రెండేళ్లు. తల్లిదండ్రుల నుంచి ప్రభుత్వం తన అధీనంలోకి తీసుకున్న పిల్లలను కొంతకాలం తమ ఇంట ఉంచుకొని చూసుకునే కుటుంబాల వ్యవస్థ ఆ దేశంలో ఉంది. దాన్ని ఫోస్టర్ కేర్ అంటారు. ఆ పిల్లల్లో కొందరు మామూలు పిల్లలు కారు. ముక్కులోంచో పొట్టలోంచో గొట్టం ద్వారా ఆహారం ఎక్కించాలి, రోజూ మూర్ఛలు వస్తాయి, ఊపిరి ఎప్పుడు అడ్డుపడుతుందో తెలియదు. అధికారుల భాషలో వీళ్లు ‘మెడికల్లీ ఫ్రాజైల్’ పిల్లలు. బ్జీక్, ఆయన భార్య డాన్ 1990ల నడిమి నుంచి ఇలాంటివాళ్లనే, అదీ ఇక బతకరన్నవాళ్లనే తెచ్చుకోవడం మొదలుపెట్టారు. 2017 నాటికి పదిమంది దాకా ఆ ఇంట్లో ఉండగానో ఆయన చేతుల్లోనో పోయారు.

కథనం నడిచే కాలంలో ఆ ఇంట ఉన్నది ఆరేళ్ల పాప. పుట్టుకతోనే మెదడులో కొంత భాగం పుర్రె సందులోంచి బయటికి వచ్చింది. చూపు లేదు, వినికిడి లేదు, కాళ్లూ చేతులూ కదలవు, రోజూ మూర్ఛలు. రాత్రిళ్లు ఆమె ఒంటరిగా ఉండకూడదని ఆయన పక్కనే సోఫా మీద పడుకుంటాడు. వినపడదని తెలిసీ మాట్లాడుతూనే ఉంటాడు. ఆయనకు సొంత కొడుకు ఒకడున్నాడు. ఎముకలు పెళుసుగా ఉండే జబ్బుతో పుట్టినవాడు.

రచనగా దీని బలం ఎక్కడుంది? నా మటుకు నాకు మూడు ఘట్టాల్లో ఉంది. ఒక పిల్లవాడి పేగు పొట్టిది. గట్టి ఆహారం జీర్ణం కాదు. ఎనిమిదేళ్ల బతుకులో నూట అరవై ఏడు సార్లు ఆసుపత్రిలో చేరాడు. ఆ పిల్లవాడిని ఇంటివాళ్లు భోజనాల వేళ బల్ల దగ్గర కూర్చోబెట్టేవాళ్లు. ముందు ఖాళీ పళ్లెం, ఒక స్పూను. తినేది లేదు, కాని పంక్తిలో చోటు ఉంది. రచయిత్రి దీని మీద ఒక్క విశేషణం కూడా వేయలేదు. పంక్తిభోజనమంటే ఏమిటో తెలిసిన మనకు ఈ ఘట్టం ఆ దేశపు పాఠకుల కన్నా లోతుగా తగులుతుందని అనుకుంటాను. పంక్తిలో ఎవరిని కూర్చోబెడతాం, ఎవరిని లేపేస్తాం అన్నదాని మీద మన సాహిత్యంలో ఎంత దుఃఖం ఉందో విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు.

రెండోది ఇంటికి వచ్చాక ఎనిమిది రోజులే బతికిన పసికందు సంగతి. అంత చిన్న దేహానికి బట్టలు దొరక్క, బొమ్మలకు బట్టలు కుట్టేవారు అంత్యక్రియలకు ఒక జత కుట్టిచ్చారు. ఆ శవపేటికను చెప్పుల డబ్బా పట్టుకున్నట్టు ఆయన చేతుల్లోనే మోసుకెళ్లాడు. మూడోది 2016 చివర్లో ఆయనకే పేగు క్యాన్సర్ అని తేలి శస్త్రచికిత్స జరిగిన ఘట్టం. ఆసుపత్రిలో తోడెవరూ లేక భయపడ్డాడు. ఇంత వయసు వచ్చిన తనకే ఇలా ఉంటే ఆ పిల్లలకు ఎలా ఉండి ఉంటుందో అప్పుడు తెలిసిందట. ఇరవై ఏళ్లకు పైగా చేసిన పనికి అర్థం రోగిగా మంచం మీద పడుకున్నాక తెలిసిందని ఒప్పుకునే మనిషి ఇక్కడ కనిపిస్తాడు. రచన మొత్తంలో ఆయన మహాత్ముడిగా కాక మనిషిగా ఉన్న చోటు ఇదేనని నా అభిప్రాయం.

బలహీనత కూడా ఆ మహాత్ముడి దగ్గరే మొదలవుతుంది. ఆ కౌంటీ శిశుసంక్షేమ శాఖ చూపులో ఉన్న పిల్లలు సుమారు 35,000 అనీ, వారిలో తీవ్రమైన వైద్య అవసరాలున్నవాళ్లు ఏ సమయంలోనైనా 600 దాకా ఉంటారనీ కథనమే చెబుతుంది. ఇక బతకరన్న పిల్లల్ని తీసుకోవడానికి ముందుకొచ్చే మనిషి ఈయన ఒక్కడేనని ఒక అధికారిణి నోట చెప్పిస్తుంది. ఈ వాక్యాన్ని పద్నాలుగు మంది విద్యార్థులూ పొగడ్తగానే అనువదించారు. ‘ఆయనలాంటివాడు మరొకడు లేడు’ అని ఒకరు, ‘ఆయనకు ఆయనే సాటి’ అని మరొకరు. తప్పు వాళ్లది కాదు. కథనం ఆ వాక్యాన్ని పొగడ్త వినిపించే చోటనే పెట్టింది. కాని ఒక్కసారి ఆగి చూడండి: అమెరికాలోకెల్లా ఎక్కువ జనాభా గల కౌంటీలో, కోటిమంది దాకా ఉండే చోట, ఈ పనికి ఒక్క ఇల్లు. ఇది పొగడ్త ఎలా అవుతుంది? ఇది ఫిర్యాదు. ‘ఈ వాగు దాటించడానికి ఒక్కడే పడవవాడు ఉన్నాడు’ అంటే పడవవాడికి సన్మానం చేస్తామా, వంతెన లేదేమని అడుగుతామా? రెండూ చేయవచ్చు. కథనం మొదటిదే చేయించింది.

దీనికి కాలం కూడా కొంత కారణం. 2017 జనవరి చివర్లో అమెరికా అధ్యక్షుడు ఏడు దేశాల వారి రాకను ఆపుతూ ఉత్తర్వు ఇచ్చాడు. ఆ ఏడింటిలో లిబియా ఉంది. రెండు వారాలు తిరగకముందే ఈ కథనం వచ్చింది. లిబియా నుంచి వచ్చిన ముస్లిం ఒకడు అమెరికా వదిలేసిన పిల్లలను ఒళ్లో పెట్టుకున్నాడన్న జవాబు ఆ రోజుల్లో పాఠకులకు అవసరమైంది. ఆ అవసరాన్ని నేను తక్కువ చేయను. కాని ఒక వాదానికి సాక్షిగా నిలబెట్టినప్పుడు మనిషి కొంచెం విగ్రహమవుతాడు. తర్వాత తుర్కీ దర్శకుడు ఎన్సార్ ఆల్టాయ్ ఆయన మీద తీసిన డాక్యుమెంటరీ పేరే ‘గార్డియన్ ఆఫ్ ఏంజెల్స్’. అక్కడికి వచ్చేసరికి పిల్లలు కూడా పిల్లలుగా మిగలలేదు, బతికుండగానే దేవదూతలైపోయారు.

విగ్రహం వెనక కనబడకుండా పోయింది డాన్. కథనం జాగ్రత్తగా చదివితే తెలుస్తుంది, పెళ్లికి ముందే, 1980లలోనే ఆమె ఈ పనిలో ఉంది. ఆమె అమ్మమ్మ తాతయ్యల కాలం నుంచీ అది ఆ ఇంటి అలవాటు. ఇతర కుటుంబాలకు తర్ఫీదు ఇచ్చిన మనిషి. బ్జీక్ ఆ ఇంట్లోకి వచ్చి ఆ పని నేర్చుకున్నవాడు. ఇదంతా కథనంలో ఉంది, రచయిత్రి దాచలేదు. దాన్ని తిరిగి చెప్పుకునేటప్పుడు మాత్రం డాన్ జారిపోయింది. 2017 నాటికి ఆమె బతికి లేదు కూడా. ఆడది చేస్తే ఇంటిపని, మగవాడు చేస్తే వార్త. నా విద్యార్థులు రాసిన సంక్షిప్తాల్లో, పద్నాలుగింటిలో తొమ్మిదింట ఆమె పేరే లేదు. ఆ తొమ్మిదిలో ఆరు ఆడపిల్లలవి. ఆ సంగతి తరగతిలో చెబితే వాళ్లే ముందు నవ్వారు, తర్వాత నవ్వలేదు.

ఇంకొకటి. వారంలో పనిరోజుల్లో పగటిపూట ఆ ఇంటికి ఒక నర్సు సహాయకురాలు వస్తుందని, మిగతా వేళల్లో ఆయన ఒక్కడే చూసుకుంటాడని కథనంలో ఒక వాక్యం ఉంది. నాకు ఇది కీలకమైన వాక్యం. గొట్టంతో పాలు పట్టేటప్పుడు తల ఎత్తి పెట్టకపోతే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కదలలేని బిడ్డను కొన్ని గంటలకొకసారి పక్క మార్చకపోతే ఒరిపిడికి పుండ్లు పడతాయి. మూర్ఛ మందు వేళ తప్పకూడదు. ఇవన్నీ నేర్చుకోవలసిన పనులు, ఒక్కరు ఇరవై నాలుగు గంటలు చేయలేని పనులు. ఆ వాక్యాన్ని ఐదుగురు విద్యార్థులు అనువాదంలో వదిలేశారు. ఎందుకని అడిగితే బళ్లారి అమ్మాయి ఒకతె నిజాయితీగా చెప్పింది: “సార్, అది ఉంటే ఆయన గొప్పతనం తగ్గుతుందేమో అనిపించింది.” అనువాదకులు పొరపాటున వదిలేసే వాక్యాలు వేరు. పాత్రను కాపాడడానికి వదిలేసేవి వేరు. రెండో రకం నుంచి మూలం మీద విమర్శ పుడుతుంది. ఆ అమ్మాయి కథనం నాడిని సరిగ్గానే పట్టుకుంది. కథనానికి కావలసింది సాయం లేని మహాత్ముడు.

ఇక మాటల దగ్గరికి వస్తాను. నా చదువు భాషాశాస్త్రం కనుక అసలు చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది.

‘మెడికల్లీ ఫ్రాజైల్’ అన్నదాన్ని ఒకరు ‘వైద్యపరంగా పెళుసైన’ అన్నారు. పెళుసుతనం గాజుకు ఉంటుంది, అప్పడానికి ఉంటుంది. ‘సున్నిత ఆరోగ్యం గల’ అంటే జలుబు తరచుగా చేసే పిల్ల అనిపిస్తుంది. యానాం నుంచి వచ్చిన విద్యార్థి ‘కనిపెట్టుకొని ఉండవలసిన బిడ్డ’ అని రాశాడు. నాకు బాగా నచ్చింది. ఇంగ్లీషు మాట బిడ్డ దేహం ఎలా ఉందో చెబుతుంది. ఇతని మాట పక్కనున్నవాళ్లు ఏం చేయాలో చెబుతుంది. బిడ్డకు లోపం అంటగట్టకుండా అవసరాన్ని చెప్పింది.

‘ఫోస్టర్’ దగ్గర అందరూ తడబడ్డారు. సగం మంది ‘దత్తత’ అన్నారు. అది తప్పు. దత్తత శాశ్వతం; వంశం, ఇంటిపేరు, ఆస్తి దానితో వస్తాయి. ఫోస్టర్ కుటుంబానికి అవేవీ రావు, బిడ్డ చట్టం దృష్టిలో వాళ్లది కాదు. ఆ పాప పేరు కథనంలో లేకపోవడానికి కారణం కూడా ఇదే. ప్రభుత్వ సంరక్షణలో ఉన్న బిడ్డ వివరాలు గోప్యం. పదిమంది పోయారని తెలిసీ పదకొండో బిడ్డను తెచ్చుకోవడం, ఆ బిడ్డ తనదని ఏ కాగితం మీదా చెప్పుకోలేకపోవడం – దత్తత అన్నమాటతో ఇదంతా చెరిగిపోతుంది.

మిగిలిన సగం ‘పెంపుడు తండ్రి’ అన్నారు. నిఘంటువు ప్రకారం సరే. పెంపుడు కుక్క, పెంపుడు చిలుక ఉన్నాయి కనుక ఆ మాట చిన్నచూపు అని ఒకరిద్దరు అభ్యంతరం చెప్పారు. అది నాకు పెద్ద అభ్యంతరంగా తోచలేదు. నా అభ్యంతరం వ్యాకరణానిది. పెరుగు – పెంచు అన్నవి జత క్రియలు, జరుగు – జరుపు లాగే. పెంచడమంటే పెరిగేట్టు చేయడం. పెరగడం అన్న ఫలితం ఆ క్రియ కడుపులోనే ఉంది. మరి పెరగని బిడ్డను పెంచడమంటే ఏమిటి? ఎనిమిది రోజులకే పోయిన పసికందును బ్జీక్ పెంచాడనగలమా? నోరు రాదు. అలాగని ఏమీ చేయలేదా?

హోసూరు, కోలారు వైపు తెలుగులో, రాయలసీమలో ఇంకో మాట ఉంది: సాకడం. తెలంగాణలో సాదడం, సాదుకోవడం. ‘సాకు’ అన్న క్రియకు పెరుగు లాంటి జత లేదు. సాకబడే బిడ్డ ఏదీ చేయనక్కరలేదు. నడవనక్కరలేదు, మాట్లాడనక్కరలేదు, బతికి బట్టకట్టనక్కర కూడా లేదు. సాకేవాళ్ల పని ఆ పూటకు ఆ పూటే పూర్తి అవుతుంది. ‘సాకి పెద్ద చేసినాము’ అంటారు కదా, అందులో పెరగడం లేదా అని తరగతిలో ఒక ప్రశ్న వచ్చింది. మంచి ప్రశ్న. ఆ వాడుకే నా వాదానికి సాక్ష్యం. ‘పెద్ద చేసినాము’ అని విడిగా చేర్చవలసి వచ్చిందంటే, సాకడంలో పెద్ద చేయడం ఇమిడి లేదన్నమాట.

మన విద్యార్థులకు రెండేసి మూడేసి భాషలు వస్తాయి కనుక ఈ పోలిక ఇంకొంచెం సాగదీస్తాను. కన్నడంలో సాకు తాయి, సాకు మగ అన్నవి నిత్యం వాడే మాటలు. అదే కన్నడంలో ‘సాకు’ అంటే ‘చాలు’ అని కూడా అర్థం. రెండింటికీ చుట్టరికం కలపకండి, ధ్వని ఒకటైనంత మాత్రాన మాట ఒకటి కాదు. తమిళంలో వళర్ అన్న ఒక్క ధాతువే పెరగడానికీ పెంచడానికీ పనికొస్తుంది, కాబట్టి వళర్ప్పు తాయ్‌కు మన పెంపుడు తల్లికి ఉన్న ఇబ్బందే ఉంది. మరాఠీలో వాఢవణే వేరు, సాంభాళణే వేరు. సోలాపూర్ అమ్మాయి వెంటనే రెండోదే ఇక్కడికి సరిపోతుందంది. బరంపురం కుర్రాడు ఒడియాలో పాళిబా అన్నాడు. అంటే ఈ తేడా ఒక్క మన మాండలికం వింత కాదు. చుట్టూ ఉన్న భాషలు చాలావరకు దాచుకున్నదాన్ని మన రాత తెలుగు పక్కన పెట్టింది.

మరి పద్నాలుగు మందిలో ఒక్కరైనా సాకడం అని ఎందుకు రాయలేదు? కోలారు పిల్లలు నలుగురున్నారు, ఇంట్లో రోజూ అనే మాట. అడిగితే, “అది ఇంటి మాట సార్, రాసేది కాదు” అన్నారు. పుస్తకాల తెలుగులో ‘సాకు’ అంటే నెపం అన్న అర్థమే ముందు తడుతుందనే భయం కూడా ఉంది. బ్రౌన్ నిఘంటువు తీసి చూపించాను, క్రియగా అందులో నిక్షేపంలా ఉంది. కేంద్రానికి దూరంగా పెరిగిన మనవాళ్లకు ఇది పాత జబ్బు. తమ నోటిలో ఉన్న మాట బెజవాడలో చెల్లదేమోనని అనుమానం. చెల్లకపోతే చెల్లేట్టు చేయవలసినవాళ్లు మరెవరో నాకు తెలియదు.

మాట వెనక కథలు కూడా ఉంటాయి. మన సాహిత్యంలో ఒకరు కన్న బిడ్డను మరొకరు పెంచిన కథలకు లోటు లేదు. యశోద ఉంది, రాధ ఉంది, కణ్వుడున్నాడు, జనకుడున్నాడు. ఒక్కసారి ఆ పిల్లల్ని వరసగా నిలబెట్టి చూడండి. కృష్ణుడు, కర్ణుడు, శకుంతల, సీత. దొరికిన ప్రతి బిడ్డా దేవుడో వీరుడో అందగత్తెయో. పెట్టెలో కొట్టుకొచ్చినవాడికి కవచకుండలాలున్నాయి. ఈ కథలన్నీ ‘పెంచు’ అన్న క్రియ మీద నిలబడ్డ కథలు. పెంచినందుకు ఫలితం కళ్లెదుట పెరిగి నిలబడుతుంది. పెరగని బిడ్డ నదిలో కొట్టుకొస్తే అధిరథుడు ఏం చేసేవాడు? రాధ ఏం చేసేదో నేను ఊహించగలను, కాని కావ్యం అక్కడికి పోలేదు. సినిమాకు వచ్చినా అంతే. కె. విశ్వనాథ్ ‘సిరివెన్నెల’ (1986) నాకు ఇష్టమైన చిత్రమే. అందులో చూపు లేనివాడికి వేణువు ఉంది, మాట లేని అమ్మాయికి కుంచె ఉంది. ప్రకృతి ఒకటి తీసుకుంటే ఇంకొకటి ఇచ్చి తీరాలన్న లెక్క మనది. ఏమీ ఇవ్వకపోతే ఆ బిడ్డకు కథలో చోటు లేదు.

ప్రభుత్వాల మాటలు ఈ లెక్కను ఇంకా బలపరిచాయి. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలో సూచించాక ‘దివ్యాంగులు’ వాడుకలోకి వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో ఏకంగా ‘విభిన్న ప్రతిభావంతులు’ అన్నారు. అవిటి, గుడ్డి అన్న తిట్లను తరిమేయాలన్న ఉద్దేశం మంచిదే, నేనూ హర్షిస్తాను. కాని అజూసాలోని ఆ ఆరేళ్ల పాపను విభిన్న ప్రతిభావంతురాలు అనండి చూద్దాం. ప్రతిభ చూపితేనే గౌరవమన్న షరతు ఆ మాటలో దాగి ఉంది.

ఇంగ్లీషు సాహిత్యం ఈ విషయంలో మనకన్నా చాలా ముందుందని కూడా అనుకోవద్దు. పెర్ల్ బక్ తన కూతురి గురించి 1950లో అచ్చువేసిన చిన్న పుస్తకం పేరులోనే ‘ఎన్నడూ పెరగని బిడ్డ’ ఉంది. నోబెల్ అందుకున్న రచయిత్రి, తన బిడ్డ ఉనికిని అన్నేళ్ల తర్వాత బయటపెట్టి రాసింది, సాహసమే. అయినా పేరులో పెరగకపోవడమే ఉంది. బక్ కూతురిని న్యూజెర్సీలోని వైన్‌లాండ్ సంస్థలో ఉంచింది. ఆ కాలంలో ఇంటి బయట దొరికే ఆసరా అదే. కన్నతల్లి ఇంట్లో ఉంచుకోలేకపోయిన బిడ్డకూ, కన్నది కాని మనిషి ఇంట్లో పెట్టుకున్న బిడ్డకూ మధ్య తేడా ప్రేమలో కంటే సాయంలో ఎక్కువగా ఉందనే నేను చదువుకున్నాను. నర్సు సహాయకురాలి వాక్యాన్ని వదిలేయవద్దని విద్యార్థులతో పోట్లాడింది అందుకే.

సొంత సంగతి ఒకటి చెప్పక తప్పదు, ఎందుకంటే సాకడం అన్న మాట నాకు నిఘంటువులో దొరకలేదు. మా హోసూరు దగ్గరి ఊళ్లో మా పెద్దమ్మ ఉండేది. ఆమె మరిది భార్య కాన్పులో పోతే ఆ బిడ్డను ఆమె తెచ్చుకుంది. మెడ నిలవదు, మాట లేదు, వాయి వస్తుంది; మూర్ఛను మా వైపు అలా అనేవాళ్లు. 1980లలో ఆ పల్లెలో ఆసుపత్రి అంటే బస్సు ప్రయాణం. రాగి సరి పలచగా కాచి, ఒడిలో తల ఎత్తి పెట్టుకొని, ఉగ్గుగిన్నెతో చుక్క చుక్కగా పోసేది. ఒక్క పూట తినిపించడానికి గంటన్నర. పదకొండేళ్లు. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ “నీకు పుణ్యముంది అక్కా” అనేవాళ్లు. ఆమె విసుక్కునేది. “పుణ్యమా? దానికి పొద్దున్నే పాలు కావల్ల. మీ ఇంట్లో ఎనుము ఈనింది కదా, ఒక లోటా పంపిస్తారా?” అని అడిగేది. కొందరు పంపేవాళ్లు. చాలామంది పుణ్యం మాట చెప్పి పోయేవాళ్లు.

ఆ బిడ్డ పోయాక నేను, కాలేజీ కుర్రవాణ్ని, ఏదో ఓదార్పుగా “ఎంత బాగా పెంచినావు పెద్దమ్మా” అన్నాను. “పెంచేదేముంది నాయనా, అది పెరిగిందా? సాకినాను” అంది. నాకు అప్పటికి భాషాశాస్త్రం తెలియదు.

అజూసా కథనంలోని అధికారిణి వాక్యాన్ని మా పెద్దమ్మకు చదివి వినిపిస్తే ఆమె దాన్ని పొగడ్తగా తీసుకునేది కాదు. ‘ఒక్కడేనా? మిగతావాళ్లు ఏం చేస్తున్నారు?’ అనేది. ఆ ప్రశ్న మనకూ దూరమైనది కాదు. మన దేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టం 44వ సెక్షన్ ఫోస్టర్ కేర్‌కు చోటిచ్చింది. 2016లో మార్గదర్శకాలు వచ్చాయి, 2024లో సవరించారు. ముప్పై ఐదేళ్లు దాటిన ఒంటరి స్త్రీపురుషులు కూడా ఇప్పుడు ముందుకు రావచ్చు. చట్టం ఉంది, ఇళ్లు తక్కువ. ప్రత్యేక అవసరాలున్న పిల్లల దత్తతల్లో విదేశీ కుటుంబాల వాటా చాలా పెద్దదని కారా లెక్కలు చెబుతూ వస్తున్నాయి. తెలుగు పత్రికల్లో ఇలాంటి బిడ్డను తెచ్చుకున్న కుటుంబం గురించి ఎప్పుడైనా వస్తే శీర్షికలో ‘దేవత’ తప్పదు. దేవత అన్నాక చదివేవాళ్లకు ఒక సౌకర్యం ఉంది: నేను దేవతను కాను, కాబట్టి నాది కాదు ఆ పని.

ఇక్కడ ఒక విద్యార్థి నాతో విభేదించాడు. అతని మాట కొట్టిపారేయదగినది కాదు. పనిగా, సాయంతో, ప్రభుత్వం ఇచ్చే భత్యంతో జరిగేదిగా రాస్తే మన పాఠకులు ‘డబ్బుకోసం చేస్తున్నారు’ అంటారు. మహాత్ముడు అంటేనే కనీసం చదువుతారు అని. నిజమే, అనేవాళ్లు ఉంటారు. అయితే పసిబిడ్డకు పాలు పోసినవాడికి పాలడబ్బులు ఇవ్వడం అవమానమెప్పుడైంది? మా పెద్దమ్మ లోటా పాలు అడగడం వల్ల ఆమె చేసింది తగ్గలేదు. కథనం రాసిన ఆమె కూడా ఈ చిక్కులోనే పడి ఉండవచ్చు. ఖాళీ పళ్లెం దగ్గర ఆమె చూపిన నిగ్రహం చివరిదాకా ఉండి ఉంటే, కథనం ఇంత పేరు తెచ్చుకునేదో లేదో, మంచి రచన మాత్రం అయి ఉండేది. ఇప్పుడున్నది మూడు గొప్ప ఘట్టాలున్న మామూలు రచన. అయినా పాఠంగా మళ్లీ ఇస్తాను. దోషం లేని మూలం నుంచి అనువాద విద్యార్థి నేర్చుకునేది తక్కువ.

రెండో విడత దిద్దుబాటులో పద్నాలుగు ప్రతులూ తిరిగి వచ్చాయి. నర్సు సహాయకురాలు అన్నింటిలోనూ ఉంది. డాన్ పన్నెండింటిలో ఉంది. సాకడం అని రాసినవాళ్లు ఏడుగురు. మిగతా ఏడుగురు సంరక్షణ, పోషణ అన్నారు, అది వాళ్ల ఇష్టం. ఖాళీ పళ్లెం వాక్యాన్ని కోలారు అమ్మాయి ఇలా రాసింది: “వాడు తినేదానికి లేదు. అయినా అందరితో పాటు వాడికీ పళ్లెం పెట్టేవాళ్లు.” మొదటి ప్రతిలో అదే వాక్యం చివర ‘ఎంతటి మానవత్వం!’ అని ఉండింది. ఎర్ర సిరాతో నేను కొట్టేయకముందే ఆమే కొట్టేసుకుంది.